పులిహోర కట్టిన రోజు

దేశం కాని దేశంలో ఉన్న ఈ క్రాన్‌బర్న్‌లో మనవాళ్ళలో ఐటీ వాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. అడవిలో తుపాకి పట్టుకుని తిరిగేవాణ్ణి ఆపి లైసెన్సు చూపించమనే ఉద్యోగం మాత్రం మా శ్రీకర్ ఒక్కడిదే. నేనూ వాడూ ఒకే ఇంట్లో అద్దెకుంటాం. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి. మా వీధిలో మిగతావాళ్ళు చెబితే తలకిందులుగా చెబుతారు.

వాడిది జన్నారం. అడవి పక్కన పెరిగినవాడు. ఇక్కడి కొండల్లో తిరిగేదీ మన కణుజే, ఇంగ్లీషులో సాంబార్ అనే పెద్ద జింక. ఎప్పుడో తెల్లవాళ్ళు ఓడల్లో తెచ్చి వదిలితే అడవినిండా పాకిపోయింది. వేటాడొచ్చు, కాని తుపాకి లైసెన్సు ఒక్కటే సరిపోదు. జింకల వేటకి పేరు నమోదు చేసుకుని వేరే లైసెన్సు తీసుకోవాలి, అనుమతి ఉన్నచోటే వేటాడాలి. ఈ ముక్క చెప్పీ చెప్పీ వాడి నోరు పడిపోయేది. పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ దగ్గర చేరిన మనవాళ్ళు, "సాంబార్‌కి లైసెన్సేంట్రా, మరి ఇడ్లీకి అక్కర్లేదా?" అని ఆటపట్టించేవారు. వాడూ నవ్వేవాడు.

అందరికంటే గట్టిగా నవ్వేది ద్వారకానాథ్ గారు. శ్రీకర్ స్టూడెంటుగా దిగినప్పుడు తలదాచుకోను చోటు లేకపోతే రెండేళ్ళు తన ఇంట్లో పెట్టుకున్న మనిషి. డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి తన కోటు తొడిగి పంపిందీ ఆయనే. ఆ కోటు భుజాల దగ్గర వదులైతే ఆయన భార్య కాత్యాయని ఆంటీ పిన్నీసులు పెట్టిందట. ఈ దేశంలో నాకు ఇల్లంటే అదొక్కటే అన్నా, అనేవాడు నాతో. నేనూ నమ్మాను.

వేరే ఇంటికి మారినా వాడి క్యారేజీ మాత్రం అక్కడినుంచే వచ్చేది. డ్యూటీకి ముందురోజు సాయంత్రం ఆంటీ ఫోన్ చేసి, "రేపు ఎటు నాన్నా?" అని అడిగేది. దగ్గరైతే పప్పన్నం, పెరుగన్నం. దూరమైతే పులిహోర. ఎండలో, కారులో, సాయంత్రం దాకా పాడవనిది అదొక్కటే కదా. తెనాలి ఆవిడ. చింతపండు పులుసు ఉడుకుతుంటే వాసన వీధి మలుపు దాకా వచ్చేది. శ్రీకర్ ఏ దిక్కుకి పోతున్నాడో ఆ వంటింటికి తెలిసినంతగా వాడి ఆఫీసుకి కూడా తెలియదేమో.

మొన్న ఏప్రిల్‌లో ఒక శనివారం వాడికి దూరాన డార్గో కొండల్లో డ్యూటీ పడింది. పొద్దున్నే వెళ్ళి పులిహోర అందుకున్నాడు. హైవే ఎక్కాక ఆఫీసు నుంచి ఫోను. బన్యిప్ అడవి చూసేవాడికి జ్వరమట, నువ్వు అటు పో అన్నారు. దగ్గరే కదా అని బండి తిప్పాడు. ఆ మాట ఆంటీకి చెప్పాలని తట్టనే లేదు.

వేటకి అనుమతి లేని వైపు, మట్టిదారి చివర వెనక తొట్టి ఉన్న తెల్ల యూట్ బండి ఒకటి ఆగి ఉంది. లోపల అద్దం దగ్గర వినాయకుడు. ఆ బొమ్మని అక్కడ అతికించింది శ్రీకరే. వెనక టార్పాలిన్ కింద అప్పుడే చచ్చిన కణుజు. పక్కన ద్వారకానాథ్ గారు కత్తి తుడుచుకుంటున్నారు. ఆయన్ని చూడగానే వాడికి భయం వేయలేదట, కోపమూ రాలేదట. ఎవరో అంకుల్‌ని మోసం చేసి ఇక్కడికి తీసుకొచ్చారనే అనుకున్నాడట, పిచ్చివెధవ.

ఆయనే నోరు విప్పారు. "అదేంట్రా, ఇవాళ ఆంటీ పులిహోర కదా కట్టింది?"

ఆ మాట బుర్రకెక్కడానికి వాడికి కాస్త సేపు పట్టింది. ఎక్కాక ఇంక దిగలేదు. పులిహోర కట్టిన ప్రతిసారీ, ఆ తర్వాతి వారం ఆయన ఇంట్లో బార్బీ ఉండేది. మేక అని చెప్పి పెడితే నేనూ వేళ్ళు నాక్కుంటూ తిన్నాను. వాడిచేత కూడా తినిపించారు.

జింకల లైసెన్సు చూపించమన్నాడు శ్రీకర్. ఆయన దగ్గర లేదు. "అప్లై చేసిన అన్నరు గదా అంకుల్," అన్నాడు. ఆయన ముందు నవ్వి చూశారు, తర్వాత బతిమాలారు, చివరికి నిన్ను ఇంట్లో పెట్టుకున్నానురా అన్నారు. తుపాకి తీసుకుని కేసు రాశాడు శ్రీకర్. పేరూ అడ్రసూ ఎదుటి మనిషి నోటినుంచే వినాలని నిబంధన. తను రెండేళ్ళు పడుకున్న ఇంటి అడ్రసు ఆయన చెబుతుంటే, తెలియనివాడిలా రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి క్రాన్‌బర్న్ అంతా ఒకటే మాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం పెడుతూ పెడుతూ వాడి రాకపోకలు లెక్కపెట్టిందెవరని నలుగురిలోనే అడిగాను. అప్పటినుంచి నన్నూ పిలవడం మానేశారు. పీడా పోయింది.

ఆ తర్వాతి ఆదివారం క్యారేజీ తిరిగిచ్చి వద్దామంటే వాడితో వెళ్ళాను. శుభ్రంగా తోమి, తుడిచి తెచ్చాడు. తలుపు తీసింది ఆంటీ. లోపలికి రమ్మంది. వాడు గడప దాటలేదు.

"ఆంటీ, మీకు ఎరుకేనా?" అన్నాడు.

ఆవిడ క్యారేజీని రెండు చేతులా అందుకుంది. "నువ్వు దూరం వెళ్ళిన రోజే ఆయన తుపాకి తీస్తారని తెలుసు నాన్నా. చెప్పి చూశాను, వినలేదు. పులిహోర మాత్రం నీకోసమే చేశాను."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. వాడు తలూపి వచ్చి కారులో కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. మలుపు తిరిగాక అన్నాడు:

"దూరం పోయేనాడు ఒక్కసారి పెరుగన్నం కట్టినా, ఆయన ఇంట్ల ఉండిపోయేటోడు గదా అన్నా."