గేటు అవతలి మనిషి

నా చిన్నప్పుడు, నేను ఏడో తరగతి చదువుతున్న ఏడాది, కాజీపల్లి దగ్గర మా నాయన పనిచేసే మందుల ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. ఆ ఫ్యాక్టరీ లేచిన నేలలో మా మెట్ట చెలక కూడా ఉండేది. అది ఇచ్చినందుకే నాయనకు అందులో ఉద్యోగం దొరికింది. ఆసిడ్ పడి చెయ్యి కాలిన ఒక పనివాణ్ణి కంపెనీవాళ్ళు పనిలోంచి తీసేశారు. అతన్ని మళ్ళీ తీసుకునేదాకా మిషన్ ముట్టమని మిగతావాళ్ళు కూర్చున్నారు. మర్నాడు పొద్దున కంపెనీ గేటు మూసేసింది. నెల గడిచినా తెరవలేదు.

నాయన ఎప్పుడూ నా మీద చెయ్యి చేసుకున్న మనిషి కాదు. కానీ ఆ నెలలో మారిపోయాడు. రోజంతా గేటు ముందు ఎండలో కూర్చుని వచ్చి, పళ్ళెం ముందు పెట్టినా ముట్టకుండా లేచేవాడు. మెల్లగా మాట్లాడమని అమ్మ మాకు సైగలు చేసేది. వాకిట్లో ఆయన సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వింటే నేను పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ గేటు తాళంచెవి ఒక సూపర్‌వైజర్ దగ్గర ఉండేది. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, మా ఊళ్ళోనే కిరాయికి ఉండేవాడు. ఆయన కూతురు బడిలో నా పక్కనే కూర్చునేది. తాళం పడిన రోజు నుంచి తను బెంచీ చివరికి జరిగింది. నేనూ పలకరించలేదు.

మా తెలుగు సారు సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు. నాటకం పాఠం చెబుతూ, బడి వార్షికోత్సవానికి మీరే ఒక నాటిక రాయండన్నాడు. రెండు రోజుల్లో రాసేశాం. మీసాల ఆఫీసరు పకపకా నవ్వుతాడు, పనివాళ్ళు ఏడుస్తారు, చివర్లో అందరూ కలిసి ఆఫీసరును కొడతారు. సారు చదివి కాగితాలు బల్ల మీద పెట్టాడు.

“ఇందుల కొట్లాట ఏది?”

చివరి పేజీ చూపించాం.

“ఒకడు నిలవడి తన్నులు తింటున్నడు, అంతే. కొట్లాటంటే ఇద్దరికీ బలముండాలె,” అని, బోర్డు మీద సుద్దతో గుట్ట ఎక్కుతున్నట్టు ఏటవాలు గీత గీశాడు. “ఒక మనిషికి ఒకటి కావాలె. ఇంకో మనిషి అడ్డం నిలవడాలె. ఆ అడ్డమున్నోనికి గూడ ఏదో కావాలె. రెండు ఒరుసుకుంటుంటే కథ ఇట్ల ఎక్కుతది. పుస్తకంల దాన్నే సంఘర్షణ అంటరు. మరి మీ ఆఫీసరుకు ఏం గావాలె?”

అప్పుడు సారు చేసిన పని ఇప్పటికీ నాకు సరిగా మింగుడు పడదు. ఆఫీసరు వేషం నాకిచ్చాడు. చెయ్యి కాలిన పనివాడి వేషం సూపర్‌వైజర్ కూతురికిచ్చాడు. సూపర్‌వైజర్‌నే అడిగి, ఆయనకేం కావాలో తెలుసుకుని నువ్వే రాయాలని నాకు చెప్పాడు.

“నేనెయ్య సార్. మా నాయిన సంపుతడు,” అన్నాను.

“వద్దనుకుంటే మానెయ్యి బిడ్డా. పోయి అడిగినంక చెప్పు,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి వెనకే వాళ్ళింటికి వెళ్ళాను. పట్టపగలు తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. ఆమె మూడుసార్లు పిలిచాక గడియ తీశారు. సూపర్‌వైజర్ బనీను మీద, కిటికీలోంచి కనబడకుండా గోడ వారన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది.

“మీ నాన్న పంపించాడా?” అని అడిగాడు.

కాదు, నాటకం కోసమని చెప్పాను. “మీకేం కావాలి?” అని అడిగాను.

“నాకేం కావాలా? తాళం తీస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. తియ్యకపోతే మీవాళ్ళు నన్ను బతకనివ్వరు. పొద్దున్నే ఆ గేటు దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు ఆడటం లేదు నాకు. చెయ్యి కాలి తెలివి తప్పినప్పుడు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. ఆ మాట ఎవరికి చెప్పను?”

అంతలో పైన రేకుల మీద ఒక రాయి పడి దొర్లింది. ఆయన రెండు చేతులతో తల కప్పుకుని వంగిపోయాడు. అంత పెద్దమనిషి అలా ముడుచుకుపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన కూతురు గోడ వైపు తిరిగి నిలబడింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తాను. ఆ సాయంత్రమే ఆయన మాటలు కాగితం మీద పెట్టి, మర్నాడు సారుకిచ్చాను. వేషం వెయ్యనని మాత్రం మళ్ళీ అనలేకపోయాను.

వార్షికోత్సవం పగటిపూటే, బడి ముందు బెంచీలు కలిపి కట్టిన స్టేజీ మీద. పని లేని మగవాళ్ళంతా వచ్చారు. నాయన వెనక వరసలో నిలబడ్డాడు. ఖాకీ కోటు వేసుకుని, తాళంచెవుల గుత్తి పట్టుకుని నేను రాగానే నవ్వారు. నా మొదటి రెండు మాటలు విన్నాక నవ్వు ఆగింది.

“దిగు పొల్లా. వాని పాట పాడుతున్నవా?” అని ఎవరో అరిచారు. ఒక చెప్పు వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. ఎదురుగా చేతికి గుడ్డ కట్టుకున్న ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. జనాన్ని తోసుకుంటూ నాయన ముందుకు రావడం కనిపించింది. చెయ్యి పట్టి లాగి కిందికి ఈడుస్తాడనుకుని కళ్ళు మూసుకున్నాను.

“కూసోండ్రి. నా బిడ్డ అది. ఏం జెప్తదో ఇననియ్యుండ్రి.”

కళ్ళు తెరిచేసరికి నాయన నాకు వీపు పెట్టి వాళ్ళతో మాట్లాడుతున్నాడు. తర్వాత స్టేజీ ముందు మట్టిలోనే కూర్చున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా, తాళం తీస్తే ఉద్యోగం పోతుంది, తియ్యకపోతే బతకనివ్వరు అన్న మాటలు చెప్పాను. ముందు వరసకైనా వినపడ్డాయో లేదో. అప్పుడా అమ్మాయి గుడ్డ కట్టిన చెయ్యి పైకెత్తింది.

“మరి నా చెయ్యి సంగతేంటండీ? దీన్నేసుకుని నేనెక్కడికి పోవాలి?” అంది, వాళ్ళ కృష్ణా జిల్లా యాసలోనే.

నిలబడి అరిచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. మా నాటిక అక్కడితో అయిపోయింది. గేటు ఇంకా తెరుచుకోలేదు గనక ముగింపు మనం రాయకూడదని సారు ముందే చెప్పాడు.

ఇంటికి వస్తుంటే నాయన సైకిల్ నడిపిస్తూ అడిగాడు.

“ఆయినె నిజంగ గట్లన్నడా?”

“అన్నడు నాయినా.”

“దవాఖానకు తోలుకపోయింది ఆయినెనేనట?”

“అవ్. అట్లనే చెప్పిండు.”

“మాకెవ్వరు చెప్పలే,” అన్నాడు.

మర్నాడు పొద్దున నాయన గేటు దగ్గరికి వెళ్ళకుండా వాళ్ళింటి ముందు నిలబడి పిలిచాడు. నేను సందు మలుపులోంచి చూస్తున్నాను. చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ రోజు నుంచి వాళ్ళ రేకుల మీద రాళ్ళు పడలేదు. గేటు తెరవడానికి మరో నెల పట్టింది. చెయ్యి కాలినతన్ని తేలిక పనిలోకి తీసుకున్నారు. సూపర్‌వైజర్‌ను మాత్రం ఆ ఏడే కంపెనీ పంపించేసింది. వాళ్ళు లారీలో సామాన్లు ఎక్కించుకుని వెళ్తుంటే ఆ అమ్మాయి చెయ్యి ఊపింది. మళ్ళీ మేం కలుసుకోలేదు.

తర్వాత నేనూ జిన్నారం వైపు బళ్ళలో తెలుగు చెప్పాను. నాటకం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలతో ఎన్నో కథలు రాయించాను కానీ, సారు నాకు పెట్టిన పరీక్ష ఏ పిల్లకూ పెట్టలేకపోయాను. గొంతులు లేచిన చోట ఇప్పటికీ నాకు భయమే. ఎవరైనా మీద పడేలా వస్తే ముందు పారిపోవాలనే అనిపిస్తుంది. అయినా నిలబడి, “మీకేం కావాలి?” అని అడుగుతాను.