వాగు పక్కన ఉండా, అక్కా

మా నాయన సైన్సు పంతులు. శ్మశానం గోడను ఆనుకుని స్థలం ఉంటే ఎవరూ కొనడం లేదని తెలిసి, తనే కొని ఇల్లు కట్టుకున్న మనిషి. నేను ఆ ఇంట్లో పెరిగాను. దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఆవులింత వస్తుంది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని అడగను.

రెండు వేల ఆరో ఏడో సంవత్సరం. నంద్యాలలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో మాకొక నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు. మా ఆయన కాలేజీకి పోతే పగలంతా నేనే చూసుకునేదాన్ని. రిజల్ట్స్ వచ్చే రోజుల్లో తప్ప మధ్యాహ్నానికి ముందు పెద్దగా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఆ ఖాళీలో ఒక ఆటకు అలవాటు పడ్డాను.

మంత్రగాళ్ళు, విలుకాళ్ళు, రాక్షసులు ఉండే ఆట అది. కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు. తెర మీద గళ్ళు గళ్ళుగా ఒక దేశం కనపడుతుంది. ఒక్కో నొక్కుకు ఒక్కో అడుగు. రోజుకు ఇన్ని అడుగులని లెక్క. అవి అయిపోతే ఎక్కడివాళ్ళం అక్కడే, మరుసటి రోజు దాకా ఆగాల్సిందే. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఆడేవాళ్ళు.

నాకు అది నేర్పింది ఓబులేసు. ఆళ్ళగడ్డ అబ్బాయి, వాళ్ళది శిల్పుల కుటుంబం. నంద్యాలలో డిగ్రీ చదువుతూ మా సెంటర్‌కు వచ్చేవాడు. చదువైపోయాక ఊరికి పోయి వాళ్ళ నాయనతో కలిసి విగ్రహాలు చెక్కే పనిలో పడ్డాడు. ఆట మాత్రం వదల్లేదు. అతను ఆళ్ళగడ్డలో ఏదో సెంటర్ నుంచి, నేను ఇక్కడి నుంచి. అతను విలుకాడు, నేను మంత్రగత్తె. ఇద్దరం ఒకే గడిలో నిలబడితే మాట్లాడుకునే వీలుండేది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్ళం. వాళ్ళ అమ్మ వండిన అలసంద వడల సంగతి కూడా అందులోనే చెప్పేవాడు.

ఒక ఆదివారం పొద్దున సెంటర్ తెరిచీ తెరవకముందే ఫోన్ మోగింది. ఓబులేసు వాళ్ళ నాయన.

"అమ్మా, మావోడు ఆడికేమన్నా వచ్చినాడా?"

రాలేదన్నాను. శనివారం పొద్దున అహోబిలం కొండకు పోయాడట. పైనున్న పాత విగ్రహాలు చూసి బొమ్మలు గీసుకొస్తానని ఒక్కడే బయలుదేరాడట. రాత్రికి ఇంటికి రాలేదు. సెల్‌ఫోన్ ఇంట్లోనే మర్చిపోయాడు.

"జీపు మాట్లాడినా. నలుగుర్ని ఎంటబెట్టుకోని పోతాండా" అన్నాడు ఆయన. గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

పదకొండు ప్రాంతంలో కరెంటు పోయింది. నా ముందున్న కంప్యూటరు, నెట్ మోడెం మాత్రమే యూపీఎస్ మీద నడుస్తున్నాయి. మిగతా మూడూ ఆగిపోయాయి. సెంటర్‌లో నేను తప్ప మనిషి లేడు. ఓబులేసు ఈ రెండు రోజుల్లో ఎప్పుడన్నా ఆడాడేమో చూద్దామని ఆట తెరిచాను.

అతని విలుకాడు నా మంత్రగత్తె ఉన్న గడిలోనే నిలబడి ఉన్నాడు. పేరు పక్కన పచ్చ చుక్క. అంటే ఆ క్షణాన ఆటలో ఉన్నాడని అర్థం.

"అక్కా, ఉండావా?" అని వచ్చింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఉండా. మీ నాయన నీకోసం ఎతుకులాడతాండాడు. యాడుండావ్ నువ్వు?" అని కొట్టాను.

"వాగు పక్కన ఉండా, అక్కా. కిందికి పడినా. పైకి ఎక్కలేకపోతాండా."

ఒక్కటి చెప్పాలి. ఆ వారమంతా మేమిద్దరం ఆటలో తూర్పు కొండల్లో తిరుగుతున్నాం. మా గడి పక్కనే నీలం రంగులో ఒక వాగు ఉంది. దాని ఒడ్డునే కొండ. అడుగులు అయిపోతే ఆ కొండ ఎక్కడం కుదరదు. కాబట్టి ఆ మాట చదివి నేను కంగారు పడలేదు. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే వీడు ఎక్కడో కూర్చుని ఆడుతున్నాడే అని ఒళ్ళు మండింది.

"రేపటిదాంక ఆగు, అడుగులొస్తాయి. ముందు ఇంటికి పో" అని కొట్టాను.

కాసేపటికి వచ్చింది: "ఆగుతా. ఈడ నీళ్ళుండాయి."

అంతే. పచ్చ చుక్క ఆరిపోయింది. యూపీఎస్ కూత పెడుతుంటే కంప్యూటర్ ఆపి, వెంటనే ఆళ్ళగడ్డకు ఫోన్ చేశాను. జీపు రావడం ఆలస్యమై వాళ్ళ నాయన ఇంకా గడప దాటలేదు. ఓబులేసు ఏదో నెట్ సెంటర్‌లో ఉన్నాడని, ఇప్పుడే నాతో మాట్లాడాడని చెప్పాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. కొడుకును రెండు బూతులు తిట్టాడు. జీపును వెనక్కి పంపేశాడు.

సాయంత్రం దాకా ఆళ్ళగడ్డలో నెట్ సెంటర్లన్నీ తిరిగారు. ఎక్కడా లేడు. చీకటి పడ్డాక కొండకు పోలేకపోయారు.

సోమవారం వాళ్ళ నాయన వాళ్ళు కొండలో వెతుకుతుండగా, మధ్యాహ్నం అడవిలో తేనెకు పోయిన చెంచువాళ్ళిద్దరు అతన్ని చూశారు. దారికి దూరంగా ఒక లోయలో, వాగు పక్కన బండ మీద పడి ఉన్నాడు. శనివారం సాయంత్రం జారి పడ్డాడు. కుడి కాలి ఎముక విరిగి బయటికొచ్చింది. వాళ్ళే భుజాల మీద కిందికి మోసుకొచ్చారు. కర్నూలు ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే దక్కేదేమో అన్నాడట డాక్టరు.

ఆ ఒక్క రోజును పోగొట్టింది నేనే.

వారం తర్వాత కర్నూలు పోయాను. మధ్యాహ్నం వేళ, వార్డు నిండా జనం. ఓబులేసు నన్ను చూసి నవ్వాడు. నేను ఏమీ అడగకముందే అన్నాడు.

"నువ్వు ఆగమంటివి గదక్కా."

నా చేతిలో బత్తాయిల సంచి అట్లాగే ఉండిపోయింది.

"జొరంలో పడుండా. ఎవురెవుర్నో పిలిచినా. నీ మాట ఒకటే ఇనపడింది. రేపటిదాంక ఆగు, అడుగులొస్తాయి అన్యావు. ల్యాకుంటే పాక్కుంటా కిందికి దిగల్ల అనుకున్యా."

ఆటలో మేం మాట్లాడుకున్నామని అప్పటికి అతనికి ఎవరూ చెప్పలేదు. నేను కొట్టిన మాటలు నేను ఎవరికీ చదివి వినిపించలేదు. వాళ్ళ నాయనకు కూడా 'మాట్లాడాడు' అని మాత్రమే చెప్పాను.

వరండాలోకి వచ్చి వాళ్ళ నాయన దగ్గర ఏడ్చాను. నా ఫోన్ వల్లే ఒక రోజు పోయిందన్నాను. ఆయన రాతి పనితో కాయలు కాసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడు పడిన బండకాడికి పోయి సూసొచ్చినా" అన్నాడు. "దాని కింద నిలువునా లోయ. పాక్కుంటా దిగింటే నాకు పీనుగ కూడా దక్కేది కాదు. కాలు పోయింది, కొడుకుండాడు. ఇంగ దీన్ని తవ్వొద్దు తల్లీ."

తవ్వకుండా ఉండేదాన్నేమో. కానీ ఇంకో పది రోజులకు ఆట నడిపేవాళ్ళ నుంచి మెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. ఒకే మనిషి రెండు పాత్రలు ఆడటం ఆ ఆటలో నేరం. ఫలానా ఆదివారం, ఫలానా సమయంలో మంత్రగత్తె, విలుకాడు ఇద్దరూ ఒకే చోటి నుంచి, ఒకే కంప్యూటర్ నుంచి ఆడారని, అందుకే ఇద్దర్నీ తీసేస్తున్నామని రాశారు. ఆ కంప్యూటర్ మాదే.

మా ఆయన శాంతంగానే చెప్పాడు. ఓబులేసు పాస్‌వర్డ్ నాకు తెలుసు. కంగారులో నేనే అతని పేరుతోనూ తెరిచి, నాకు నేనే జవాబులు కొట్టుకుని, మర్చిపోయి ఉంటానన్నాడు. నేనూ దాని గురించి చాలాసార్లు ఆలోచించాను. కాదని ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ అహోబిలం కొండ నేను జన్మలో ఎక్కలేదు. ఓబులేసు వాగు పక్కన పడి ఉన్నాడని నా వేళ్ళకు ఎట్లా తెలిసింది? నేను నంద్యాలలో కొట్టిన మాట ఆ లోయలో అతనికి ఎట్లా వినపడింది?

ఓబులేసు ఇప్పుడు ఆళ్ళగడ్డలోనే కూర్చుని పని చేస్తాడు. విగ్రహాల ముఖాలు చెక్కడంలో మంచి పేరుంది. ఆ ఉత్తరం సంగతి అతనికి నేను చెప్పలేదు.

జరిగింది ఏమిటో నాకు తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. నన్ను వదలనిది వేరే. కిందికి పడ్డానని, పైకి ఎక్కలేకపోతున్నానని ఒక మనిషి నాకు చెప్పాడు. ఎవరు చెప్పించినా, ఎట్లా చెప్పించినా, ఆ మాట నా కళ్ళ ముందుకు వచ్చింది. అప్పుడు నేను, 'ఏ వాగు?' అని ఒక్క మాట అడగలేదు.