నిండు గిన్నెలు

మామగారితో కోడలి పేచీ అంతా నీళ్ళ దగ్గరే. యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసి, నలుగురు పిల్లల్నీ ఓ దారిన పెట్టి, తొంభై దాటినా కళ్ళజోడు లేకుండా పేపరు చదివిన ఆ మనిషి, పడుకునే ముందు ఇంట్లో ఖాళీగా కనిపించిన ప్రతి పాత్రనీ నింపి పెట్టేవాడు. కుక్కరు, పాలగిన్నె, ఆఖరికి మనవరాలి బొమ్మ బకెట్టు కూడా. పొద్దున్నే అవన్నీ పారబొయ్యలేక ఆవిడ ప్రాణం విసిగిపోయేది. "టీ పెట్టుకుందామంటే ఒక్క గిన్నె ఖాళీగా ఉండనివ్వరు కదా మావయ్యా! కుళాయి తిప్పితే నీళ్ళొస్తుంటే ఎందుకండీ ఈ చాదస్తం?" అని నెత్తి కొట్టుకునేది. ఆయన మీసం దువ్వుకునేవాడు, మర్నాడు ఇంకో చెంబు చేర్చేవాడు. ఒకసారి మాత్రం, ఒళ్ళు మండి ఆవిడ కుక్కరు నీళ్ళు ఆయన ఎదుటే గుమ్మరించేస్తే, "దెబ్బ తగిలి పక్కవాడు నీళ్ళడిగాడమ్మా. నా సీసా ఖాళీ," అన్నాడు. యుద్ధం గురించి ఆయన చెప్పింది అంతే. ఆ పూట కుక్కరు ఆవిడే నింపి పెట్టింది. వారం తిరక్కుండానే మళ్ళీ విసుక్కోవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి ఆయన పోయాడు. చూడ్డానికొచ్చిన వాళ్ళతో ఇల్లు నిండిపోయిన పూటే వీధిలో పైపు పగిలి కుళాయి ఆగిపోయింది. ఎవరో పసివాడికి మంచినీళ్ళు కావాలన్నారు. ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి కుక్కరు మూత తీసింది, పాలగిన్నె వంచింది, బొమ్మ బకెట్టులోకి కూడా తొంగి చూసింది. అన్నీ పొడిగా ఉన్నాయి.

"బాగుంది మావయ్యా," అంది ఆ గిన్నెలతోనే. "ఇన్నేళ్ళూ వద్దు మొర్రో అంటే విన్నారు కాదు. ఇవాళేనా నా మాట వినడం?"