నా పరిశోధన చూసిన ఊరు

ఒక మనిషిని రోగంతో కాక, ఫోటోతో పడగొట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. చర్మవ్యాధుల డాక్టరుగా నేను చేసిన ఘనకార్యాల్లో అదే పెద్దది. నవ్వొస్తే మొహమాటపడకండి, నన్ను చూసే నవ్వండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు ఆఫీసులు గుడారాల్లో, నా బుర్ర మబ్బుల్లో. మా పెద్ద డాక్టరుకు పత్రికల్లో అచ్చయిన పరిశోధనా వ్యాసాలు చేటెడున్నాయి. నాకు ఒక్కటీ లేదు. రోజూ పొద్దున్నే ఆయన పలకరింపు ఒకటే.

“ఏమప్పా, నీ పేరు యాడన్నా అచ్చులో పడిందా? పెండ్లిపత్రిక లెక్కలోకి రాదు.”

అలాంటి వేళ దానియేలు వచ్చాడు. ఆయన అసలు పేరు అది కాదు లెండి. కోయిలకుంట్ల వైపు నాపరాళ్ల గనిలో పని. ఏళ్ల తరబడి ఎండలో కాగి, మెడ మీద, చెంపల మీద సజ్జగింజల్లా పసుప్పచ్చని పొక్కులు లేచాయి.

“దురద ల్యా సారూ, నొప్పీ ల్యా. సూసేటోళ్లకే ఇబ్బంది.”

“దీంతో నీకేమీ కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటేది కూడా కాదు,” అన్నాను.

నిజమే. కానీ అలాంటి పొక్కులు మా ఆసుపత్రిలో ఎవరూ చూసి ఉండలేదు. మెడ మీద పప్పుగింజంత చర్మం కోసి తీశాను. మైక్రోస్కోపు కింద ఆ కణాలను లంకెబిందెలు దొరికినవాడిలా చూశాను. ఫోటో తీయించి, వ్యాసం రాసి పంపాను. మద్రాసు పత్రిక ఒకటి వేసుకుంది. మనిషెవరో తెలియకుండా ఫోటోలో కళ్ల మీద నల్లపట్టీ అచ్చు వేశారు. అది వైద్య పత్రికల మర్యాద.

ఇక నా మర్యాద వినండి. పట్టీ ఉన్నా ఆ మెడను, ఆ చెవులను గుర్తుపట్టగల ఊరు ప్రపంచంలో ఒక్కటే ఉంది. పత్రిక చంకన పెట్టుకుని, బస్సెక్కి, సరిగ్గా ఆ ఊరికే పోయాను. అదీ ఆదివారం, ఆరాధన ముగిసి జనమంతా చర్చి ముందు నిలబడి ఉన్నప్పుడు.

“దానియేలూ, నీ ఫోటో మద్రాసులో అచ్చేశారు!”

దానియేలు మొహం వెలిగింది. పత్రిక చేతులు మారింది.

“మన దానియేలే. ఆ చెవి సూడు.”

“కండ్లకు పట్టీ ఎందుకేసినారు?”

“సూడరాని రోగమేమో.”

“ఉత్త పొక్కులకు మద్రాసోళ్లు పుస్తకమేస్తారా? ఇది పెద్దరోగమే.”

పెద్దరోగమంటే ఆ ఊళ్లో కుష్ఠు. మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. నేను మాత్రం దండ ఎప్పుడు వేస్తారా అని కాలరు సర్దుకుంటున్నాను.

కొన్ని వారాలకు ఆయన భార్య మార్తమ్మ ఆసుపత్రికి వచ్చింది.

“ప్రభువు బల్ల కాడ మేమందరమూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగుతాము సారూ. ఇప్పుడు మా ఇంటాయన తాగినాక ఎవరూ ముట్టడం ల్యా. పోయిన తూరి గిన్నె ఆయన్ని దాటేసి పోయింది. ఆ పట్టీ ఏదో నీ నోటికి కట్టుకోనుంటే బాగుండు.”

తరువాతి బల్ల ఆరాధన ఎప్పుడో కనుక్కుని పరుగెత్తాను. చర్చిలో లేచి నిలబడ్డాను.

“ఇది కుష్ఠు కాదు. అంటురోగమే కాదు.”

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. “మరి పుస్తకంలో ఎందుకేసినావప్పా?”

“ఇది చాలా అరుదు కాబట్టి.”

“అరుదంట!” ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

“ఏం రాసినావో సదువు, విందాం,” అన్నాడు సంఘపెద్ద.

చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. “ఎండకు చర్మం లోపలి కణాలు క్షీణించి...” ముందు వరస మొత్తం వెనక్కి జరిగింది. అక్కడితో ఆపేశాను.

“అయితే ఆయన తాగిన గిన్నెలో నేను తాగుతాను!”

పాస్టరుగారు మెత్తగా అన్నారు. “బాప్తిస్మం లేనోళ్లకు ఈ గిన్నె ఇయ్యగూడదు నాయనా.”

దిక్కుతోచక, దానియేలు చేత చెంబెడు నీళ్లలో సగం తాగించి, మిగతా సగం అందరి ముందూ గటగటా తాగాను. ఖాళీ చెంబు బోర్లించి చూపించాను. గెలిచాననుకున్నాను.

“ఆయప్ప డాక్టరు గదప్పా,” అన్నాడు సంఘపెద్ద. “ముందే సూది ఏసుకొని వచ్చింటాడు.”

అందరూ నవ్వారు. దానియేలు కూడా నవ్వాడు. ఆ తరువాత లేచి పాస్టరుగారితో, “అయ్యగారూ, నాకు ఆఖర్న ఇయ్యండి. అందురూ నెమ్మదిగా తాగనీ,” అన్నాడు.

గిన్నె అందరి దగ్గరికీ తిరిగి చివరికి ఆయన చేతికొచ్చింది. అడుగున మిగిలిన గుక్క తాగి, కడిగేవాళ్లు భయపడకుండా, అంచును తన తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు.

నా వ్యాసాన్ని మద్రాసులో ఎవరు చదివారో తెలియదు. మెచ్చుకుంటూ ఒక్క ఉత్తరమూ రాలేదు. అందులో ఒక్క అక్షరం చదవలేని ఊరు మాత్రం ఆ ఫోటోను పూర్తిగా నమ్మింది.

దానియేలు బస్సు దాకా వచ్చి సాగనంపాడు.

“మనసులో పెట్టుకోవద్దు సారూ. ఇంగో పుస్తకంలో మాత్రం ఎయ్యొద్దు.”

ఆ బస్సులో, కోళ్లగంపల మధ్య నిలబడి, కమ్మీ పట్టుకున్న చేత్తోనే ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట నా పేరు అచ్చులో పడాలని ఏ మనిషి ఒంటినీ పత్రికకెక్కించను, ఎప్పుడైనా ఎక్కించాల్సొస్తే ఆ పత్రికను ఆ మనిషి ఊరి పొలిమేర తొక్కనివ్వను అని. కోళ్లు కూడా విన్నాయి.

ఆ ఒట్టు ఇంతవరకు తప్పలేదు. దానియేలుకు గిన్నె మాత్రం, బతికినన్నాళ్లూ, ఆఖర్నే అందింది.