కొబ్బరినీళ్లు తాగిన కంప్లైంట్ల పెట్టె

నాకు మతిమరుపు లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే మిగతాదంతా చదివి మీరు వేరేగా అనుకుంటారు. కామారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఎల్లారెడ్డి, పిట్లం, మద్నూర్ దాకా బండేసుకుని తిరిగేవాణ్ని. అంత దూరం తిరిగే మనిషి ఒకటో రెండో మర్చిపోతే దాన్ని మతిమరుపు అనరు.

ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్ గారు మాత్రం అన్నారు. ఏడాది పొడుగునా వాళ్ల కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు నాది. మా ఇల్లు నడిచేదే దానిమీద. 2012 వానాకాలంలో ఆయన చెప్పిన పని రెండోసారి మర్చిపోయాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "తమ్మీ, రెండు సార్లయింది. ఇంకోసారి మర్చిపోతే నిజామాబాద్ నుంచి వేరేటాయనను పిలుస్త. బాధపడొద్దు మల్ల" అని చాయ్ తాగించి మరీ పంపించారు.

తప్పు నాది కాదు, క్యాలెండర్‌ది అని ఇంటికొచ్చేలోపే తేల్చుకున్నాను. నేను బయట తిరిగేటప్పుడు ఇంట్లో ఫోన్ ఎత్తేది మా ఆవిడ. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, చెవికీ భుజానికీ మధ్య రిసీవర్ ఇరికించుకుని, విన్నదంతా గోడమీది క్యాలెండర్లో ఆనాటి గడిలో రాసేది. పాలు రాని రోజూ, గ్యాస్ బండ వచ్చిన రోజూ అదే గడిలో ఉండేవి. "పిట్లం ప్రింటర్" కిందనే "అత్తమ్మకు బీపీ గోళీలు" అని ఉండేది. ఇలాంటిదాన్ని నమ్ముకుంటే ఎవరైనా మర్చిపోతారు.

అందుకని పెద్ద కంపెనీల్లో చేసినట్టు చేద్దామనుకున్నాను. పాటలూ పెళ్లి వీడియోలూ దాచుకోవడానికి కొన్న స్టోరేజ్ పెట్టె ఒకటి ఇంట్లో ఉంది. లోపల రెండు హార్డ్ డిస్కులు, ముందు పచ్చ లైట్లు. కంప్లైంట్లు రాసుకునే హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికేది ఒకటి దాంట్లోకి ఎక్కించాను. మూడు ఆదివారాలు పట్టింది. గిరాకీలు వాళ్ల ఊళ్లోనే కూర్చుని మా ఇంటి ఇంటర్నెట్ అడ్రసు కొట్టి, తమ బాధ రాస్తే చాలు. దానికో నంబరు పడి, నా ముందు వరుసలో నిలబడుతుంది. పని అయ్యేదాకా కదలదు. ఆ అడ్రసు, అంటే చుక్కలు పెట్టిన పొడుగాటి అంకె, స్టిక్కర్ల మీద అచ్చు వేయించి ప్రతి గిరాకీ మానిటర్ కిందా నా చేత్తో అంటించి వచ్చాను.

"ఇగ నీకు ఫోన్ల బాధ లేదు. ఆ క్యాలెండర్ తీసి వంటింట్ల పెట్టు, ఎవరన్న జూస్తే నవ్వుతరు" అన్నాను మా ఆవిడతో.

"మరి గా డిస్కు ఖరాబైతే?"

"రెండోది ఉంటది. దీంట్ల ఏదుంటే దాంట్ల అదే ఉంటది."

"రెండూ పోతే?"

"రెండూ ఎందుకు పోతయి?" అని కసిరాను.

రెండో రోజు నుంచే కంప్లైంట్లు పడసాగాయి. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. ఎంత మర్యాదో! "అన్నా, ప్రింటర్ కాగితం మింగుతున్నది, జర తొందరగ రాండ్రి." "అన్నా, మానిటర్ల బొమ్మ వస్తలేదు, జర తొందరగ రాండ్రి." మద్నూర్‌లో ఎరువుల దుకాణం ఆయన నాతో మాట్లాడితే రెండు ముక్కల తెలుగు తర్వాత మరాఠీలోకి జారిపోతాడు. రాతలో మాత్రం అచ్చమైన కామారెడ్డి తెలుగు. "చూసినవా, మనిషి మాట వేరు, రాత వేరు" అని మా ఆవిడకు పాఠం చెప్పాను. బీడీకి దారం చుడుతూ "ఔ గద" అంది. ఆ రోజుల్లో మా ఇంటి కీబోర్డు సందుల్లో తంబాకు పొడి చేరుతుండేది. గాలికి వస్తుందనుకుని, చాట దూరంగా పెట్టుకొమ్మని ఆమెను రెండుసార్లు కోప్పడ్డాను కూడా.

దసరా వచ్చింది. పనిముట్లన్నీ కడిగి, తుడిచి బొట్టు పెట్టే రోజు. నా స్క్రూడ్రైవర్లు, టెస్టర్, ఆమె ఆకు కత్తిరించే కత్తెర అన్నీ పీట ఎక్కాయి. ఈసారి పెట్టెను కూడా ఎక్కించాను.

"బంద్ చేసి పెట్టు. ఇయ్యాల పనిముట్లకు సెలవు గద" అంది.

"సర్వర్‌ను బంద్ చేయరు" అన్నాను.

పొడుగు వైరు లాగి, పచ్చ లైట్లు మిణుకుమంటుండగానే దేవుడి ముందు నిలబెట్టాను. పసుపు, కుంకుమ, బంతిపూలు, హారతి అన్నీ అయ్యాక, పక్కనే రాయి పెట్టి కొబ్బరికాయ కొట్టాను. మరీ భక్తిగా కొట్టినట్టున్నాను. సగం నీళ్లు గిన్నెలో పడ్డాయి. మిగతా సగం పెట్టె మీదున్న గాలి రంధ్రాల్లోంచి లోపలికి దిగాయి. చుయ్‌మని చిన్న చప్పుడై లైట్లన్నీ ఆరిపోయాయి. ఒక డిస్కులో ఏదుంటే రెండోదాంట్లోనూ అదే ఉంటుందని చెప్పాను కదా. కొబ్బరినీళ్లు కూడా అలాగే ఉన్నాయి.

మా ఆవిడ చిప్ప తీసుకుని కొబ్బరి కోరడానికి లోపలికి వెళ్లింది.

పండగ ముందురోజు వరుసలో ఎల్లారెడ్డి కాలేజీది ఒకటి చూశాను. అర్జెంట్. సెలవులయ్యాక కాలేజీ తెరిచే పొద్దున్నే కావాలి. అంతవరకే చదివాను. మిగతాది పండగయ్యాక చదువుదాం, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే మూడోసారి మర్చిపోయానని నా నోటితో నేనే చెప్పినట్టు. డిస్కులు రెండింటినీ బియ్యం డబ్బాలో పాతిపెట్టి సెలవులన్నీ ఎదురుచూశాను. బియ్యానికి కొబ్బరి వాసన వచ్చింది తప్ప డిస్కులకు ప్రాణం రాలేదు.

కాలేజీ తెరిచే పొద్దున, ఏది పాడైందో తెలియదు కాబట్టి ఇంట్లో ఉన్న సామానంతా సంచుల్లో కుక్కి బండికి కట్టుకుంటున్నాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఎలుక కొరికిన వైరుకు గిన్ని సామాన్లెందుకు?"

"ఏ వైరు?"

"పరీక్షల రూములది. ప్రింటర్ వైరు ఎలుక కొరికిందట. పది గంటలకు పేపర్లు తియ్యాలెనట. సారు ఫోన్ చేస్తే నేనే గద ఎక్కించిన." వంటింట్లోంచి క్యాలెండర్ పట్టుకొచ్చి గడి చూపించింది. "ఎల్లారెడ్డి, ఎలుక" అని ఉంది.

"ఆయన అండ్ల రాయక నీకెందుకు ఫోన్ చేసిండు?"

"పోయి ఆయన్నే అడుగు."

ఒక్క వైరు జేబులో పెట్టుకుని బయల్దేరాను. పెద్దాయన కదా, కంప్యూటర్లో రాయడం చేతకాక ఈ ఒక్కసారి ఫోన్ చేసి ఉంటాడని లింగంపేట దాటేదాకా సర్దిచెప్పుకున్నాను.

పది నిమిషాల్లో పని అయిపోయింది. ప్రశ్నపత్రాలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే ప్రిన్సిపాల్ గారు నా వీపు తట్టారు. "ఈసారి మర్చిపోలే తమ్మీ. కాంట్రాక్టు నీదే." నేను ఊరుకోవచ్చు కదా! స్టిక్కర్ చూపించి, "ఇగ మీదట దీంట్లనే రాయుండ్రి సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "అది అంటించిన దినం ఒక్కటే తెరుచుకున్నది. మల్ల తెరుచుకోలే. మీ ఇంటామెకు ఫోన్ చేస్తే, 'నాకు చెప్పుండ్రి, నేను ఎక్కిస్త' అన్నది. అందరం ఆమెకే చెప్తున్నం గద."

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా ఇంటి ఇంటర్నెట్ అడ్రసు మారిపోతుంది. ఆ ఏడాదంతా రోజూ కరెంటు కోతలే. అంటే నా స్టిక్కర్లన్నీ మొదటి రోజే చచ్చిపోయాయి. అడ్రసు మారుతుందన్న సంగతి నాకు తెలుసు. స్టిక్కర్లు వేయించేటప్పుడు మర్చిపోయాను.

మద్నూర్ ఆయన తెలుగు గుర్తొచ్చింది. కీబోర్డులో తంబాకు పొడి గుర్తొచ్చింది. ఆమెను నేను రెండుసార్లు కోప్పడిన సంగతి అన్నిటికంటే ముందు గుర్తొచ్చింది. దారి పొడుగునా సిగ్గుతో చచ్చాను.

ఇంటికొచ్చి ఆమె ముందు కూర్చున్నాను. "గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

చేతిలో బీడీ పూర్తిచేసి చాటలో వేసింది. "పొద్దున లేవంగనే దాన్ని తెరిచి చూసి నీలో నువ్వే నవ్వుకునేటోనివి. చెప్పబుద్ధి కాలే."

ఆమె మీద ఇష్టమూ నా మీద కోపమూ ఒకేసారి పొంగాయి. లేచి క్యాలెండర్ తెచ్చి హాల్లో పాత మేకుకే తగిలించాను. అప్పుడే ఫోన్ మోగింది. ఆమె చేతుల నిండా తంబాకు ఉంది కాబట్టి నేనే ఎత్తాను. పెన్ను కూడా సిద్ధంగా పట్టుకున్నాను.

మద్నూర్ ఎరువుల దుకాణం ఆయన. "వహినీ ఆహేత్ కా?" వదిన ఉందా అని మరాఠీలో అడిగాడు.

"నేనే మాట్లాడుతున్న, చెప్పండ్రి. రాసుకుంట."

ఎంతో కష్టపడి, నా కోసం తెలుగులో అన్నాడు. "వద్దన్నా. వదినకే ఇయ్యి. నువ్ మర్చిపోతవ్."