మూడో వరసకు దొంగనీళ్లు

సాయంత్రం అయిదయ్యేసరికి మా ఆయన టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లేవారు. ఆయన లోపలికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, నేను బియ్యం కడిగిన నీళ్ల గిన్నెతో వెనక తలుపులోంచి పిల్లిలా జారుకునేదాన్ని. ఆయన పోయి నాలుగు నెలలు. ఇప్పుడు అందరి ముందూ పోసినా అడిగేవాళ్లు లేరు. ఏమిటో, దొంగతనంలో రుచే పోయింది.

ఆయన అటవీశాఖలో చెట్లు కొలిచేవారు. వీధిలో అందరికీ టేపాయన. పెళ్లయిన మర్నాడే నన్ను గోడకు నిలబెట్టి కొలిచి, "అయిదడుగులకు అరంగుళం తక్కువ. కొండ కొసన పుట్టినట్టున్నావు" అన్న మనిషి.

కొండ మొదట్లో పైన్ చెట్టు రెండు మేడలంత ఉంటుందట. పైకెళ్లేకొద్దీ చెట్టు పొట్టి, సూదుల్లాంటి ఆకూ పొట్టి, కాకపోతే మందం. గాలికీ మంచుకీ ఒదిగి బతకాలి కదా. ఆ పొట్టితనం చలి వల్ల వచ్చిందా, పుట్టుకతోనే ఉందా? అదే ఆయన గొడవ. అది తేల్చడానికే కొండ మొదట్లో చెట్లవీ, నడిమివీ, కొసవీ గింజలు తెచ్చి మా పెరట్లో మూడు వరసలు నాటారు. ఒకే మట్టి, ఒకే ఎండ, అన్నిటికీ సమానంగా నీళ్లు. తొమ్మిదేళ్లు.

మొదటి వరస చూరు దాటింది. మూడోది నా నడుం దాటలేదు. నాలాంటి పొట్టిదానికి జాలి వేయదా?

"ఏమోయ్, మూడో వరస లావెక్కిందేం? ఎవరైనా మేపుతున్నారా?" అని ఓసారి అడిగారాయన.

"నన్నడుగుతారేం? రాత్రి వాన పడిందేమో."

"మూడో వరస మీదేనా?"

"వానకేం తెలుసండీ, మీలా టేపు పట్టుకుని పడుతుందా?"

నిన్న అటవీశాఖ నుంచి ఆఫీసరమ్మాయి ఆయన కొలతల పుస్తకం పట్టుకొచ్చింది. "నిజం చెప్పండమ్మా, నీళ్లు సమానంగానే పోశారా? హెచ్చుతగ్గులుంటే ఈ కొలతలు చెల్లవు. మొక్కలు పీకించేయాలి."

చెబితే ఆయన తొమ్మిదేళ్లు మట్టిపాలు. చెప్పకపోతే ఆయన పుస్తకంలో నా అబద్ధం. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆ పిల్ల మొహం ముడుచుకుని పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఫక్కున నవ్వింది. "వినండి. 'ఆరో ఏడు. మూడో వరస ఎడమ సగానికి మా ఆవిడ దొంగచాటుగా నీళ్లు పోస్తోంది. కుడి సగం తొట్టి వెనక ఉంది, ఆవిడ చేయి అందదు. ఎడమవి లావెక్కాయి గానీ, పొడుగులో కుడివాటితో సమానమే. పొట్టితనం గింజలోనే ఉంది. ఆవిడకు చెప్పకూడదు, మానేస్తుంది.'"

తెలిసి తెలిసి మూడేళ్లు నాతో దొంగాట ఆడారన్నమాట!

"మొక్కలు ఉంటాయమ్మా" అంది ఆఫీసరమ్మాయి. "ఆఖరి పేజీలో ఇదొకటి రాశారు. 'వచ్చే ఏడు ఆవిడ చేత నీళ్లు మాన్పించి, ఎడమవి ఎలా పెరుగుతాయో చూడాలి. ఎలాగో తోచడం లేదు.'"

ఈ సాయంత్రం బియ్యం కడిగాను. గిన్నె నిండా నీళ్లు. అయిదయింది.

"మాన్పించడం మీ వల్ల కాలేదుగా? నేనే మానేస్తున్నా, రాసుకోండి" అని, గిన్నె గట్టు మీదే వదిలేసి తలుపేశాను.