తలుపుల మాస్టారు

మాస్టారికి ఒక్కటే జబ్బు: తట్టకుండా ఏ తలుపూ తెరవరు. సొంత గదైనా, బీరువా అయినా, ఆఖరికి ఫ్రిజ్ అయినా సరే, మూడుసార్లు తట్టి, చేతులు కట్టుకుని ఆగుతారు.

"ఫ్రిజ్‌లో ఎవరుంటారు సార్?" అని అడిగింది, ఆయన దగ్గర పరిశోధనకు చేరిన అమ్మాయి.

"ఎవరూ ఉండరనుకో. తడితే పోయేదేముంది?"

ఆయన పనీ తలుపులతోనే మరి. జీవకణం చుట్టూ పలచటి పొర ఉంటుంది. ఓల్టేజి మారితే తెరుచుకుని అయాన్లను అటూ ఇటూ వదిలే బుల్లి ద్వారాలను కృత్రిమంగా తయారుచేసి ఆ పొరలో అమరుస్తారు. అమ్మాయి వాటాకొచ్చిన ద్వారం మాత్రం ఏడు నెలలుగా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంది. ఓల్టేజి పెంచింది, తగ్గించింది, బతిమాలింది, తిట్టింది. ఉలకదు, పలకదు. శుక్రవారంలోగా తెరుచుకోకపోతే ఆ పని ఆపేసి, ఆమెను ఇంటికి పంపేస్తామన్నారు పైవాళ్లు.

గురువారం మధ్యాహ్నం, ద్వారం తెరుచుకుంటే పైకి లేవాల్సిన గీత తెరమీద మళ్లీ చదునుగానే వచ్చింది. అమ్మాయి కోల్డ్ రూమ్‌లో దూరి, సీసాల అరల మధ్య నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

టక్ టక్ టక్.

ఆమె గబగబా మొహం తుడుచుకుంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"సీసా కోసం వచ్చా. తొందరేం లేదు, నింపాదిగా రా," అన్నారు మాస్టారు బయటినుంచే.

ఆమె వచ్చేసరికి ఆయన లేరు. కుర్చీమీద ఆయన స్వెటర్ ఉంది. ల్యాబ్ అసిస్టెంటు బాబాయ్ గాజు గొట్టాలు కడుగుతున్నాడు.

"సీసా తీసుకోకుండానే వెళ్లిపోయారేంటి బాబాయ్?"

"ఏం సీసా, ఏం లోకం తల్లీ. వెనకటికోసారి మాస్టారు ఆ తలుపు తోసుకుని వెళ్తే లోపల నీలాంటి పిల్లే ఏడుస్తోంది. సిగ్గుపడి మర్నాటినుంచి రావడమే మానేసింది. అప్పట్నుంచీ తడుతున్నారు. ఆ ఒక్కటే తడితే లోపల ఎవరో ఏడుస్తున్నారని అందరికీ తెలిసిపోదూ? అందుకని అన్నీ తడతారు. పాపం, ఫ్రిజ్‌క్కూడా తప్పలేదు."

అమ్మాయికి నవ్వొచ్చింది. స్వెటర్ తొడుక్కుంటూ ఆగిపోయింది. మాస్టారు తట్టి ఊరుకోరు, ఆగుతారు. తను ఇన్నాళ్లూ తట్టిందే గానీ ఆగిందెక్కడ? సెకనులో వందోవంతు సేపు ఓల్టేజి ఇచ్చి, తెరుచుకోలేదని తిట్టిపోసింది.

ఈసారి రెండు సెకన్లు ఇచ్చింది. గీత చదునుగా పోయింది, ఇంకా పోయింది, ఆపైన బద్ధకంగా లేచి నిలబడింది.

మాస్టారి గది తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా మూడుసార్లు తట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎదురుగా కనిపిస్తూనే ఉన్నావుగా, రావేం?" అని విసుక్కున్నారాయన.

"తడితే పోయేదేముంది సార్? తట్టి ఆగాను. తెరుచుకుంది."

మాస్టారు కుర్చీ తన్నుకుంటూ లేచి పరిగెత్తారు. ల్యాబ్ తలుపు దభాలున తోసుకుని, తట్టకుండా లోపలికి వచ్చిన ఆయన్ని చూసి బాబాయ్ చేతిలో గాజు గొట్టం జారిపోయింది.